చెవుల సర్జరీకి యాప్ అప్పా?

ప్రశ్న: నా వయసు 27. కూకట్‌పల్లిలో ఉంటూ ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. జీతం చేతికి 42,000 వస్తుంది. ఇంటికి పంపేదానితో కలిపి ఖర్చు 32,000. పొదుపు 35,000 ఉంది. చిన్నప్పటి నుంచి ‘డొప్ప చెవులు’ అని వెక్కిరింపులు పడ్డాను. సంబంధాలు చూస్తున్నారు, ఈలోపే సర్జరీ చేయించుకోవాలని ఉంది. క్లినిక్‌లో 90,000 అన్నారు. ఒక లోన్ యాప్ నెలకు రెండున్నర శాతం వడ్డీతో 24 నెలలకు ఇస్తానంటోంది. తీసుకోవచ్చా? నాన్నకు షుగర్. నాకు కంపెనీ బీమా ఉంది.

జవాబు: సర్జరీ మీ ఇష్టం. ఆ అప్పు మాత్రం వద్దు.

‘ఈఎంఐ ఐదు వేలే కదా’ అనుకునే వాళ్లంతా దాన్ని జీతంతో పోల్చుకుంటారు. పోల్చాల్సింది నెలాఖరున మిగిలేదానితో. మీకు మిగిలేది పది వేలు, అందులో సగం రెండేళ్లపాటు యాప్‌కే పోతుంది. మొత్తం కట్టేది 1,20,000 దాటుతుంది. ఈలోపు ఉద్యోగం పోతే? మీ 35,000 ఒక్క నెల ఖర్చుకు సరిపోతుంది. రెండో నెల నుంచి వసూళ్ల ఫోన్లు, దెబ్బతిన్న సిబిల్ స్కోరు (అప్పులు ఎలా కడుతున్నారో చూపే మార్కులు). పెళ్లిచూపుల్లో చెవుల కన్నా ఇవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి!

క్రెడిట్ కార్డు ఊసు కూడా ఎత్తకండి. కంపెనీ బీమా మీదా ఆశ వద్దు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసేవో, వైద్యపరంగా తప్పనిసరి అయినవో తప్ప అందం కోసం చేసే సర్జరీకి బీమా డబ్బు రాదు. క్లినిక్ చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. విడిగా వేస్తే 1,06,200 అవుతుంది. ఉస్మానియా ఆసుపత్రిలోనూ ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది, ఒకసారి అక్కడ చూపించుకోండి.

మిగిలే పది వేలను ముందు అత్యవసర నిధికి మళ్లించండి. నా లెక్కలో ఆరు నెలల ఖర్చు ఉండాలి. మీ తొందర అర్థమైంది కాబట్టి కనీసం మూడు నెలలది, అంటే 96,000. ఇప్పుడున్న 35,000 కలుపుకుంటే ఏడు నెలల్లో అది పూర్తవుతుంది. సర్జరీ డబ్బు కూడబెట్టడం ఆ తర్వాతే మొదలుపెట్టండి. ఏడాదిన్నరలోపే అప్పు లేకుండా పని అవుతుంది. అప్పటిదాకా నిధిలోంచి చెవుల కోసం రూపాయి కూడా తీయకండి.

మధ్యలో బోనస్ వస్తే దానితో నాన్నగారికి విడిగా ఆరోగ్య బీమా తీసుకోండి. కంపెనీ బీమాలో ఆయన పేరున్నా సరే, మీ ఉద్యోగం పోతే అదీ పోతుంది. దరఖాస్తులో షుగర్ సంగతి దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బులకు బీమా డబ్బు రావాలంటే వేచి ఉండాల్సిన గడువు గరిష్ఠంగా మూడేళ్లు. పాలసీ మొదలైన రోజు నుంచే దాన్ని లెక్కిస్తారు.