హాస్టల్ గదిలో ఐదు పూటలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అస్సలాము అలైకుం. మాది కర్నూలు. అనంతపురంలో హాస్టల్‌లో ఉంటూ ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో ఉన్నన్నాళ్లు ఐదు పూటలా నమాజు తప్పలేదు. ఇక్కడ పగటి నమాజులు వదిలేసి, రాత్రి పడుకునే ముందు అన్నీ కలిపి ఖజా (వేళ దాటాక తీర్చుకునే నమాజు) చదువుతున్నాను. శుక్రవారం జుమాకు వెళ్లివస్తే మధ్యాహ్నం మొదటి క్లాసుకు హాజరు పడటం లేదు. రంజాన్‌లో పరీక్షలు వస్తే తరావీహ్ (రంజాన్ రాత్రుల ప్రత్యేక నమాజు) చదివి, మళ్లీ సహరీకి (తెల్లవారకముందు తినే భోజనానికి) లేచాక పుస్తకం పట్టే ఓపిక ఉండటం లేదు. అబ్బా (నాన్న) ఫోనులో నమాజు సంగతి అడిగిన ప్రతిసారీ అబద్ధం చెబుతున్నాను. చదువునూ దీన్‌నూ రెండింటినీ నిలుపుకునే దారి చెప్పగలరా?

జవాబు: వ అలైకుం అస్సలాం. మీరు "పగటి నమాజులు" అని రాశారు గానీ, గడియారం దగ్గర పెట్టుకొని చూస్తే కాలేజీ వేళల్లో పడేది ఒక్క జుహర్ (మధ్యాహ్న నమాజు) మాత్రమే. అనంతపురంలో సూర్యుడు నడినెత్తి నుంచి వాలే సమయం, నెలను బట్టి, సుమారు 12.05కూ 12.35కూ మధ్య ఉంటుంది. అప్పుడు మొదలైన జుహర్ వేళ, మన వైపు ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతి ప్రకారం, చలికాలంలో సైతం నాలుగు దాటేదాకా నిలుస్తుంది. ఆ తరువాత వచ్చే సాయంత్రపు నమాజు అసర్‌కు పొద్దు గుంకేదాకా గడువుంది. నవంబరులో కూడా అది ఐదుముప్పావు దాకా ఉంటుంది కాబట్టి, నాలుగున్నరకు కాలేజీ వదిలినా తొందరపడకుండా చదువుకోవచ్చు. అంటే మీరు కాలేజీలో వెతుక్కోవలసింది భోజన విరామంలో కొద్ది నిమిషాలే. జుహర్‌లో ఫర్జు (విధిగా చదవవలసినవి) నాలుగు రకాతులు (నమాజులోని ఆవృత్తులు). వాటికి ముందు నాలుగు, వెనుక రెండు సున్నతులు (ప్రవక్త పాటించిన అదనపు రకాతులు) ఉన్నాయి, వీలున్న రోజు తప్పక చదవండి; అయితే పది రకాతులకూ సమయం చాలదని ఆ నాలుగు ఫర్జులను కూడా వదిలేసే విద్యార్థులను నేను చాలామందిని చూశాను, వారిని తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అసలు అడ్డంకి సమయం కాదనీ, వజూ (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం) అనీ నా అనుమానం. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో ఒక కుర్రవాడు ప్యాంటు మోకాలిదాకా మడిచి, వాష్‌బేసిన్‌లో ఒక కాలు పెట్టి కడుక్కుంటూ, తలుపు చప్పుడైతే చాలు చటుక్కున కాలు దించేసేవాడు. తడి పాదాన్నే బూటులో దూర్చి క్లాసుకు వచ్చి కూర్చునేవాడు. దీనికి మన ధర్మశాస్త్రమైన షరీఅత్‌లోనే సులువైన మార్గం ఉంది. ఉదయం గదిలో కాళ్లు కడిగి పూర్తిగా వజూ చేసి, చీలమండలు కప్పే తోలు మేజోళ్లు తొడుక్కుంటే, ఊళ్లో ఉన్నవారు ఒక పగలూ ఒక రాత్రీ, ప్రయాణంలో ఉన్నవారు మూడు పగళ్లూ మూడు రాత్రులూ, మళ్లీ కాళ్లు కడగకుండా తడిచేతితో వాటిమీద మసహ్ చేస్తే (తుడిస్తే) సరిపోతుంది. పలుచని నూలు మేజోళ్లకు ఇది వర్తించదు.

ఖజా అనేది నిద్రపట్టిపోయినప్పుడో మరిచిపోయినప్పుడో తీర్చుకునే బాకీ. నమాజు నిర్ణీత వేళల్లో విధిగా ఉందని ఖుర్ఆన్ నాలుగో సూరాలో (అధ్యాయంలో) స్పష్టంగా ఉన్నందువల్ల, రాత్రికి మూటగట్టడాన్ని అలవాటుగా ఉంచుకోకండి. ఇక మీరు కర్నూలుకు బస్సెక్కినప్పుడు, ఆ దూరం దాదాపు 150 కిలోమీటర్లు, అంటే షరీఅత్ లెక్కలో ప్రయాణమే కాబట్టి, దారిలో జుహర్, అసర్, ఇషా (రాత్రి నమాజు) ఫర్జులు నాలుగుకు బదులు రెండు రకాతులే చదవాలి. ఫజర్ (తెల్లవారుజాము నమాజు), మగ్రిబ్ (పొద్దు గుంకాక చదివేది) మారవు.

జుమా విషయంలో రాజీ పడవద్దు, పడవలసిన అవసరమూ లేదు. జమాత్ (అందరూ కలిసి చదివే నమాజు) వేళ ఒక్కో మసీదులో ఒక్కో రకంగా ఉంటుంది. రెండు మూడు శుక్రవారాలు తిరిగి, ముందుగా ముగిసే మసీదును చూసుకోండి. అప్పటికీ ఆ క్లాసు పోతోందంటే లెక్క వేయండి. వారానికి 36 పీరియడ్ల చొప్పున 16 వారాలకు 576. శుక్రవారం ఒక్కొక్కటి చొప్పున పోయేవి 16, అంటే మూడు శాతం లోపే. 75 శాతం హాజరు నియమానికి దానివల్ల ముప్పు రాదు, మిగిలిన రోజుల్లో మీరు తప్పకుండా కూర్చుంటే. కానీ పోయేది ప్రతివారం ఒకే సబ్జెక్టు కనుక ఆ పాఠం మాత్రం దెబ్బతింటుంది. అందుకే సెమిస్టరు మొదటి వారంలోనే ఆ అధ్యాపకుణ్ణి ఒంటరిగా కలిసి, "సార్, శుక్రవారం పది నిమిషాలు ఆలస్యంగా వస్తాను, ఆ భాగం సాయంత్రం రాసుకొని మీకు చూపిస్తాను" అని చెప్పండి. ముందుగా అడిగినవాణ్ణి కసురుకునే అధ్యాపకులు నాకు తారసపడింది తక్కువ. చెప్పకుండా ఆలస్యంగా వచ్చేవాడిమీదే వారికి కోపం.

రంజాన్ గురించి. పరీక్ష ఉన్నంత మాత్రాన రోజా (ఉపవాసం) వదలడానికి వీల్లేదు; జబ్బు, ప్రయాణం వంటి కారణాలకే ఆ సడలింపు. మార్చవలసింది నిద్ర. తరావీహ్ సున్నతే గానీ, అందులో నెల పొడవునా ఖుర్ఆన్ మొత్తం వినితీరాలన్న విధి లేదు. పరీక్షల పదిరోజులు గదిలోనే చిన్న సూరాలతో చదువుకొని పదింటికల్లా పడుకోండి. సహరీకి లేచి, ఫజర్ తరువాత రెండు గంటలు చదవండి. కడుపులో ఇంకా సంగటి, మజ్జిగ బలం ఉండే ఆ వేళను మించినది రోజా రోజున మరొకటి లేదు. 2019లో మే నెల ఎండలో కర్నూలు పిల్లలు రోజాతో పరీక్షలు రాశారు. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతున్న రంజాన్ ఇప్పుడు చలికాలం వైపు నడుస్తోంది.

మన వైపు నమాజును కూడా "చదవడం" అనే అంటాము. ఈ రాత్రి మీ అబ్బాకు ఫోను చేసి, ఇన్నాళ్లూ చదవలేదనీ, రేపటి జుహర్ నుంచి మొదలుపెడుతున్నాననీ ఉన్నదున్నట్టు చెప్పండి.

ప్రశ్న: కడపలో పీజీ చదువుతున్నాను. పరీక్షల మధ్య నెలసరి వచ్చి ఏడు రోజాలు పోయాయి. వరుసగానే తీర్చాలా? ఆ రోజుల నమాజులు కూడా బాకీయేనా?

జవాబు: నమాజులు బాకీ లేవమ్మా, అవి పూర్తిగా మాఫీ. రోజాలు మాత్రం వచ్చే రంజాన్ లోపు తీర్చండి, వరుసగా ఉండనక్కరలేదు. రెండు పండుగల రోజులూ, బక్రీదు తరువాతి మూడు రోజులూ రోజా ఉండరాదు. డిసెంబరులో పగలు తక్కువ, దాహమూ తక్కువ. వారానికొకటి పెట్టుకుంటే మీ ల్యాబు పనికి ఇబ్బంది ఉండదు.