ఖాతాలో డబ్బు లోనుకి పట్టుకున్నారా? ముందు కాగితం అడుగు

పర్లాకిమిడి

చిరంజీవి బాబుకి పెదనాన్న ఆశీస్సులు.

ధాన్యం డబ్బు పడిన మర్నాడే నీ సేవింగ్స్ ఖాతాలోంచి 38,000 రూపాయలు కొట్టు లోనుకి పట్టేసుకున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సోమవారం గుణుపురం బ్రాంచికి వెళ్లి తేల్చుకుంటానంటున్నావట. వెళ్లు. కానీ గొడవకి కాదు, కాగితానికి వెళ్లు. కౌంటర్ దగ్గర ఎంత గట్టిగా మాట్లాడినా రికార్డులోకి ఎక్కదు. రాసిచ్చి ముద్ర వేయించుకున్న ఉత్తరం ఎక్కుతుంది.

ముందు ఆ డబ్బుకి ఏమైందో తెలుసుకో. మూడు వేరు వేరు సంగతులని జనం ఒకే మాటగా ‘బ్యాంకు లాగేసింది’ అంటారు. ఒకటి, బ్యాంకే నీ ఖాతాలోంచి తీసి లోను ఖాతాలో జమ చేసుకోవడం. రెండు, డబ్బు ఖాతాలోనే ఉంచి ‘హోల్డ్’ పెట్టడం. అప్పుడు బ్యాలెన్సు కనిపిస్తుంది గానీ ఏటీఎంలో రాదు. మూడు, కోర్టో, ఆదాయపన్ను శాఖో, సైబర్ పోలీసులో పంపిన ఉత్తర్వు మీద ఆపడం. మూడోదైతే మేనేజరుతో వాదించి లాభం లేదు, ఉత్తర్వు నంబరు తీసుకుని అది పంపిన ఆఫీసుకే వెళ్లాలి. నీది మొదటిదే అనిపిస్తోంది. అయినా సేవింగ్స్ స్టేట్‌మెంటూ, లోను స్టేట్‌మెంటూ రెండూ తీసుకుని పక్కపక్కన పెట్టి చూడు. ఇక్కడ ఖర్చు పడిన తేదీనే, అంతే మొత్తం అక్కడ జమ పడి ఉండాలి. పడకపోతే ముందు అడగాల్సింది ఆ ప్రశ్నే.

బ్యాంకుకి ఈ హక్కు అసలు లేదని మాత్రం వాదించకు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో 171వ సెక్షన్ బ్యాంకులకి ‘లియన్’ హక్కు ఇచ్చింది, అంటే బాకీ తీరేదాకా తమ దగ్గరున్న నీది అట్టేపెట్టుకోవచ్చు. దానికి తోడు లోను తీసుకున్నప్పుడు నువ్వు సంతకం పెట్టిన ఒప్పందంలో ‘సెట్ ఆఫ్’ అనే షరతు, అంటే నీ ఖాతాలో డబ్బు నీ బాకీకి సర్దుకోవచ్చన్న షరతు, దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కొట్టుకి తీసుకున్నది ముద్ర పథకం లోను, దానికి హామీ అడగలేదు కదా అంటావేమో. ఆస్తి తాకట్టు అడగలేదన్నంత మాత్రాన అదే బ్యాంకులో నీ పేరున ఉన్న డబ్బు జోలికి రాలేరని కాదు. హక్కు ఉంది సరే, దానికి హద్దులూ ఉన్నాయి. నీ పని ఆ హద్దు దాటారా లేదా అని చూడటం.

మొదటి హద్దు: గడువు దాటిన బాకీ ఎంతో అంతే. దీని మీద బాగా మనసు పెట్టు, ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. నీ వాయిదా నెలకి 6,200. మూడు నెలలు తప్పాయి, అంటే 18,600. దాని మీద వడ్డీ, అపరాధ రుసుము వేసుకున్నా 38,000 ఎలా అయింది? ఇంకా గడువు రాని వాయిదాలకి కూడా పట్టుకున్నారంటే, మొత్తం లోను వెంటనే కట్టమని ముందుగా ‘రీకాల్’ నోటీసు ఇచ్చి ఉండాలి. ఇచ్చారా? ఏ చిరునామాకి పంపారు? మీరు పాత ఇంట్లోంచి మారాక బ్యాంకులో చిరునామా మార్పించావా? లేదంటే నోటీసు పాత ఇంటికి వెళ్లి తిరిగి వచ్చి ఉండొచ్చు. రీకాల్ లేకపోతే బాకీకి మించి పట్టుకున్న డబ్బు తిరిగి జమ చేయమని అడిగే హక్కు నీకు ఉంది. అపరాధ రుసుము లెక్క కూడా విడిగా రాసివ్వమను. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, 2024 నుంచి ఆ రుసుముని వడ్డీ రేటులో కలపకూడదు, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు.

రెండో హద్దు: అప్పు ఎవరి పేరున, ఏ హోదాలో ఉందో, డబ్బు కూడా అదే మనిషిది, అదే హోదాలో ఉండాలి. కొట్టుకి నువ్వొక్కడివే యజమానివి కాబట్టి కొట్టూ నువ్వూ చట్టం దృష్టిలో ఒకటే, అక్కడ వాదన నిలబడదు. కానీ మీ అమ్మతో కలిసి ఉన్న జాయింటు ఖాతాలోంచి నీ ఒక్కడి అప్పుకి తీసుకోవడం మామూలుగా కుదరదు. ఖాతా తెరిచినప్పటి ఫారంలో అలా ఒప్పుకుంటూ ఇద్దరూ సంతకం పెట్టి ఉంటే తప్ప. ఆ ఫారం నకలు అడుగు. కోడలి మహిళా సంఘం పొదుపు ఖాతా ఆ సంఘానిది, అందులోంచి ఒక సభ్యురాలి సొంత లోనుకి పట్టుకోకూడదు. ఎవరి లోనుకైనా నువ్వు జామీను సంతకం పెట్టి ఉంటే అది వేరే సంగతి. అదే కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. గుర్తు తెచ్చుకుని చూడు.

ఇంకొకటి, మన వైపు చాలామందిని దెబ్బ తీసేది: బ్యాంకుల విలీనం. ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా తెలుగువాళ్లకి ఆంధ్రా బ్యాంకు ఖాతాలు ఎక్కువ. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 2025 మే 1న ఉత్కళ గ్రామీణ బ్యాంకు, ఒడిశా గ్రామ్య బ్యాంకు కలిసి ఒడిశా గ్రామీణ బ్యాంకు అయ్యాయి. అప్పు ఒక బ్యాంకులో, పొదుపు ఇంకో బ్యాంకులో అనుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లకి ఇప్పుడు రెండూ ఒకే గూటిలో ఉన్నాయి. మీ నాన్న పేరున పాత ఖాతాలు ఏవైనా ఉంటే ఇప్పుడవి ఏ బ్యాంకు కింద ఉన్నాయో చూసుకో.

సోమవారం ఇచ్చే ఉత్తరం ఇంగ్లీషులో గానీ ఒడియాలో గానీ రాయించు. ఒక పేజీ చాలు. విషయం ఇలా ఉండాలి:

‘ఫలానా తేదీన నా సేవింగ్స్ ఖాతాలోంచి 38,000 రూపాయలు తీసి లోను ఖాతాలో జమ చేశారు. దయచేసి ఇవి లిఖితపూర్వకంగా ఇవ్వండి: ఆ తేదీకి గడువు దాటిన బాకీ ఎంత, అసలు, వడ్డీ, రుసుములు విడివిడిగా, ఏ ఒప్పందంలో ఏ షరతు కింద తీసుకున్నారు, ముందు పంపిన నోటీసు నకలు, పంపిన రుజువు, లోను ఒప్పందం నకలు. బాకీకి మించి తీసుకున్న మొత్తాన్ని తిరిగి నా ఖాతాలో జమ చేయండి.’

రెండు కాపీలు తీసుకెళ్లు. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర, సంతకం వేయించుకో. వేయం అంటే వాదించకు. పోస్టాఫీసుకి వెళ్లి స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ సదుపాయం అడిగి, అందినట్టు రుజువు వచ్చేలా పంపు. బ్యాంకు ఈమెయిలుకీ పంపి, ఫిర్యాదు నంబరు తీసుకుని రాసి పెట్టుకో.

మీ అత్త పింఛను కూడా అదే బ్రాంచిలో పడుతుంది కదా. ప్రభుత్వ పింఛనుని అప్పులవాళ్ల కోసం కోర్టు కూడా జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. బ్యాంకు తనంతట తాను పట్టుకున్నప్పుడు అదే సెక్షన్ నేరుగా పనిచేస్తుందా అన్నది వాదనకి వచ్చే విషయం. అయినా ‘ఇది పింఛను డబ్బు, ఇల్లు దీని మీదే గడుస్తోంది’ అని ఉత్తరంలో రాస్తే వదిలిపెట్టే అవకాశం పెరుగుతుంది. కూలి డబ్బు, మందుల ఖర్చుకి ఉంచిన డబ్బు విషయంలోనూ అలాగే కారణం రాసి, రుజువు జత చెయ్యాలి.

ఇక రాబోయే డబ్బు సంగతి. దీనికి ఆలస్యం చెయ్యకు, ఎందుకంటే బాకీ మిగిలి ఉన్నంతకాలం వచ్చిన ప్రతి రూపాయీ మళ్లీ పట్టుకోవచ్చు. లోను లేని వేరే బ్యాంకులో ఒక ఖాతా తెరువు. ఇది దొంగతనమేమీ కాదు, ఇంటి ఖర్చుకి దారి ఉంచుకోవడం. ధాన్యం డబ్బు ల్యాంప్స్ (ధాన్యం కొనే సహకార సంఘం) దగ్గర రైతు రిజిస్ట్రేషన్‌లో రాసిన ఖాతాకే వస్తుంది, కాబట్టి వచ్చే సీజన్ రిజిస్ట్రేషన్ అప్పుడే కొత్త ఖాతా ఇవ్వు. సర్కారు పథకాల డబ్బు ఆధార్‌కి చివరిగా ఏ బ్యాంకు అనుసంధానం అయితే దానికి పోతుంది. కొత్త బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం నింపి, డీబీటీ (సర్కారు డబ్బు నేరుగా ఖాతాలో పడటం) కోసం అని స్పష్టంగా చెప్పు. కేవలం కేవైసీకి ఆధార్ ఇస్తే సరిపోదు.

పాత ఖాతా మీద ఎవరికైనా చెక్కు ఇచ్చి ఉంటే వాళ్లకి ఈరోజే చెప్పి వేరే దారిలో డబ్బు కట్టు. చెక్కు తిరిగొస్తే బ్యాంకు పట్టుకుంది అన్న జవాబు అక్కరకి రాదు. చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో వాళ్లు నోటీసు ఇస్తారు, అది అందాక 15 రోజుల్లో కట్టకపోతే 138వ సెక్షన్ కింద చెక్కు బౌన్సు కేసు అవుతుంది. ఆ ఖాతా మీదున్న ఆటో డెబిట్లు కూడా చూసుకో.

బ్రాంచిలో ‘ఇక్కడో సంతకం పెట్టండి’ అని బ్యాలెన్సు కన్ఫర్మేషన్ కాగితం ఇస్తారు. చదవకుండా పెట్టకు. బాకీని ఒప్పుకుంటూ గడువు తీరకముందు రాతపూర్వకంగా సంతకం పెడితే మూడేళ్ల కాలపరిమితి ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. లెక్క నిజమైతే పెట్టు, అందులో తప్పేం లేదు. లెక్క తేలకముందు మాత్రం వద్దు.

బాకీ ఉన్న మాట నిజం, అది తీరాలి. వాయిదా తగ్గించి గడువు పెంచమని అడుగు. మూడు నెలలు దాటి ఎన్‌పీఏ (మొండి బాకీ) అయితే ఒకేసారి కట్టి తేల్చుకునే ఓటీఎస్ మాట్లాడుకోవచ్చు. రాయగడలో జిల్లా న్యాయసేవా సంస్థ పెట్టే లోక్ అదాలత్‌కి కోర్టు ఫీజు లేదు, కానీ అక్కడ ఒప్పుకున్నది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కట్టగలిగినంతకే ఒప్పుకో. పూర్తిగా కట్టాక బాకీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ లేకుండా బయటికి రాకు. ఓటీఎస్ చేస్తే అప్పుల చరిత్ర రాసే సిబిల్‌లో ‘సెటిల్డ్’ (తగ్గించి తేల్చుకున్నారు) అని పడుతుంది, ‘క్లోజ్డ్’ (పూర్తిగా కట్టారు) అని కాదు. ముందు ముందు లోను కావాలంటే ఆ తేడా అడ్డొస్తుంది.

ఉత్తరం ఇచ్చి 30 రోజులు దాటినా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కి రాయి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల సైటు అయిన సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టొచ్చు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులోనూ చెబుతారు, ఒడియా రాదని వెనకాడకు. ఇదే విషయం మీద కోర్టుకి వెళ్లి ఉంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి ముందు ఈ మెట్టు ఎక్కు.

సోమవారం పాసుబుక్కు, ఆధార్, లోను మంజూరు ఉత్తరం, రెండు కాపీలు సంచిలో పెట్టుకుని పదిన్నరకల్లా వెళ్లు. ముద్ర వేసిన కాపీ, రెండు స్టేట్‌మెంట్లూ ఫోటో తీసి నాకు పంపితే లెక్క నేను సరిచూస్తాను.

మీ పెదనాన్న