మీ అత్తగారి చేతికే గరిటె ఇవ్వు

అమ్మాయీ,

నీ మెసేజ్ చదివాను. అత్తగారు అమెరికా వచ్చిన దగ్గర్నుంచి రెండు పూటలా ఆవకాయ, పెరుగన్నంతోనే సరిపెట్టుకుంటున్నారని, నువ్వు వండినవి ముట్టుకోవడం లేదని బాధపడుతున్నావు. ఆవిడది మొండితనం అనుకోకు తల్లీ. గుడ్డు కూడా గడప దాటి రాని ఇంట్లో ఇన్నేళ్ళు గడిపిన మనిషి. రుచి సంగతి తర్వాత, ముందు అందులో ఏం కలిసిందోననే భయం. అది ఉత్తుత్తి భయం కూడా కాదు. కేకుల్లో గుడ్డు వేస్తారు, జెల్లీ మిఠాయిల్లో, కొన్ని రకాల పెరుగుల్లో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. "ఏం పర్లేదు, తినండత్తయ్యా" అంటే ఆవిడకి ధైర్యం రాదు. డబ్బా మీద రాసింది ఆవిడ ఎదుటే చదివి, తెలుగులో చెప్పు. ఆవిడకి నీ మీద గురి కుదరాలి.

ఆ తర్వాత, కొత్త కూరగాయని ఆవిడకి తెలిసిన వంటలోకి తీసుకురా. జుకినీని బీరకాయలా తరిగి, పోపులో వేయించి నువ్వులపొడి చల్లు. నీరు ఎక్కువ ఊరుతుంది, మూత పెట్టకు. టొమాటిల్లోలు దొరికితే పచ్చి టమాటా పచ్చడిలాగే నూరుకోవచ్చు. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ ముందు క్రాన్‌బెర్రీలని ఎర్రటి చిన్న పళ్ళు వస్తాయి చూడు, అక్కడి మనవాళ్ళు వాటితో పప్పు, పచ్చడి, పులిహోర కూడా చేస్తారు. చింతకాయ తిని పెరిగిన వాళ్ళకి ఆ పులుపు ఇట్టే నచ్చుతుంది. అన్నంలా వండుకునే కీన్వా గింజల్ని మాత్రం బాగా కడిగి వండు. గింజ మీద చేదు పొర ఉంటుంది, అది నోటికి తగిలిందా, ఇక జన్మలో ముట్టుకోరు.

అసలు మాట ఇప్పుడు చెప్తాను. ఇవన్నీ నువ్వే వండి వడ్డించకు. కూరలు కొనడానికి ఆవిడని వెంట తీసుకెళ్ళు. "అత్తయ్యా, ఇది పుల్లగా ఉంది, దీంతో ఏం చేద్దాం?" అని అడుగు. మా వియ్యపురాలు ఓట్సు పేరెత్తితే ముఖం తిప్పుకునేది. ఆవిడకే వంటిల్లు అప్పగించాక, పెసరట్టు పిండిలో ఓట్సు కలపొచ్చని తనే కనిపెట్టింది. ఆ తర్వాత ఇంటికొచ్చిన వాళ్ళందరికీ అదే వేసి పెట్టేది! పరాయి దేశంలో, కొడుకు ఇంట్లో, ఏ పనీ తెలియని దానిలా కూర్చోవడం పెద్దవాళ్ళకి ఎంత కష్టమో నీకు ఇంకా తెలియదులే.

వయసుతో వాసన పట్టే శక్తి తగ్గుతుంది, అందుకే అన్నీ చప్పగా అనిపిస్తాయి. ఉప్పు పెంచకు, బీపీ మనిషి. ఇంగువ, కరివేపాకు, నిమ్మరసం దండిగా వెయ్యి. కట్టుడు పళ్ళతో పచ్చి సలాడ్లు నమలడం కష్టం కాబట్టి తురిమి ఇవ్వు. ఒక పూటకి ఒక్కటే కొత్తది, అదీ రెండు ముద్దలే. వద్దంటే వదిలేసి, వారం తర్వాత ఇంకో రకంగా చేయించు. రాత్రి ఆవిడ తినే పెరుగన్నాన్ని మాత్రం అస్సలు మార్చాలని చూడకు.

ఇంకొక్కటి. ఆవిడ మందుల చీటీ ఇవాళే తీసి చూడు. అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్రలకీ, కొన్ని బీపీ మాత్రలకీ గ్రేప్‌ఫ్రూట్ పడదు (ద్రాక్ష కాదు, పంపరపనస లాంటి పండు). రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతుంటే కేల్ లాంటి ఆకుకూరలు ఉన్నట్టుండి ఎక్కువ పెట్టకూడదు. డాక్టర్ని అడిగాకే అవి వంటింట్లోకి తీసుకురా.

ప్రేమతో,
పెద్దమ్మ