సీఆర్‌పీ తగ్గితే మోకాలు నయమైనట్టేనా?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో మూడో అంతస్తులో ఉంటున్నాము. 63 ఏళ్ల మా అమ్మగారు మోకాలి నొప్పితో మెట్లు దిగలేకపోతున్నారు. గుజ్జు రెండో దశ వరకు అరిగిందని, మూడు పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మా) ఇంజెక్షన్లు చేయించవచ్చని డాక్టరుగారు అన్నారు. రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రోటీన్ లీటరుకు 3 మిల్లీగ్రాములే ఉంది. వాపే లేనప్పుడు ఇంజెక్షన్ దేనికి? చేయించాక ఆ అంకె తగ్గితే పనిచేసినట్టేనా? - ఒక పాఠకురాలు

జవాబు: శరీరంలో ఎక్కడ తాపం (మీరన్న వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్) రేగినా, ముఖ్యంగా ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయన సంకేతం అందినప్పుడు, సీఆర్‌పీని రక్తంలోకి వదిలేది కాలేయం. అరుగుదలలో తాపం చాలావరకు ఆ కీలు లోపలి పొరకే పరిమితమై ఉంటుంది కనుక, మోకాలు ఎంత సలుపుతున్నా సీఆర్‌పీ మామూలుగానో, కాస్త ఎక్కువగానో కనిపించడం సాధారణం. పైగా అధిక బరువు, చిగుళ్ల జబ్బు, మొన్నటి జలుబు కూడా దానిని పెంచగలవు. అందుచేత 3 అన్న అంకెను బట్టి మోకాలిలో తాపం లేదని చెప్పలేము. రేపు అది 2కు దిగినా ఇంజెక్షన్ ఘనతేనని అనుకోనక్కరలేదు. ఆ పరీక్ష అసలు అక్కర వేరు: అంకె బాగా పెరిగి ఉంటే రుమటాయిడ్ కీళ్లవాతమో, గౌటో, కీలులో ఇన్ఫెక్షనో ఉందేమోనని వెతకాలి.

పీఆర్‌పీ కోసం రోగి రక్తాన్నే తీసి, యంత్రంలో వేగంగా తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా చేరిన ప్లాస్మాను వేరుచేసి కీలులోకి ఎక్కిస్తారు. అవి విడుదల చేసే వృద్ధి కారకాలు తాపాన్ని రేపే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే రసాయనాల జోరును తగ్గిస్తాయని ప్రయోగశాలల్లో కనిపించింది. ప్రయోగశాలలో కనిపించినదంతా మెట్ల మీద కనిపించదు. ఆస్ట్రేలియాలో 288 మందిపై జరిపి, 2021లో జామా పత్రికలో ప్రచురించిన రిస్టోర్ అధ్యయనంలో, 12 నెలల తరువాత 10 పాయింట్ల కొలమానంపై నొప్పి పీఆర్‌పీ పొందినవారిలో 2.1, ఉత్త సెలైన్ పొందినవారిలో 1.8 తగ్గింది. ఈ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. గుజ్జు అరుగుదల కూడా ఆగలేదు. మేలు జరిగిందని చూపిన చిన్న అధ్యయనాలు లేకపోలేదు గాని, తెల్లరక్తకణాలను ఉంచడం, తీసివేయడం మొదలుకొని తయారీ తలా ఒక తీరుగా ఉండడంతో వాటిని ఒకదానితో ఒకటి పోల్చడం కష్టం. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ దీనిని వద్దనే గట్టిగా సూచించింది.

నా మటుకు నేను ముందుగా తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు వద్ద మూడు నెలలు చేయించి, బరువు ఎక్కువుంటే తగ్గించమంటాను. అప్పటికీ ఇంజెక్షన్ వైపే మొగ్గితే, అమ్మగారు నొప్పి మాత్రలు, రక్తం పలుచబడే మందులు వాడుతున్నారేమో డాక్టరుగారికి ముందే చెప్పండి. ఫలితాన్ని సీఆర్‌పీతో కాక, ఎన్ని మెట్లు ఆగకుండా దిగగలుగుతున్నారో, నొప్పికి 10కి ఎంత వేస్తారో ఇప్పుడొకసారి, ఆరు నెలల తరువాత ఒకసారి రాసుకుని చూడండి. ఇంజెక్షన్ తరువాత రెండు మూడు రోజులు నొప్పి పెరగడం మామూలే; జ్వరం వచ్చి మోకాలు ఎర్రగా వాచితే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.