గోస్తనీ మీద నువ్వు పంపిన వ్యాసం గురించి

తమ్ముడూ,

వ్యాసం చదివాను. అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 120 కిలోమీటర్లు పారి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని మొదటి పేరాలోనే నదిని ముగించేసి, మిగతాదంతా దాని పవిత్రత గురించే రాశావు. నాకు ఆ మధ్యలో ఉన్న నది కావాలి. ప్రతిచోటా నీళ్లు అలాగే ఎందుకు పోతున్నాయో అడుగు.

బొర్రా సంగతే చూడు. తూర్పు కనుమల్లో ఖోండలైట్ లాంటి గట్టి రాయి ఎక్కువ, బొర్రా దగ్గర మాత్రం సున్నపురాయి తగులుతుంది. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త ఆమ్లంగా మారి, ఆ రాతిని యుగాల తరబడి కరిగిస్తూ వచ్చింది కాబట్టే అంత పెద్ద గుహలు ఏర్పడ్డాయి. పైన కొత్తవలస-కిరండూల్ రైలు వెళ్తుంటే కింద కొండలోంచి నది వెళ్తుంది. ఆవు గుహలో పడితే దాన్ని వెతుకుతూ వెళ్లిన కాపరికి ఈ గుహలు కనిపించాయన్న కథ తీసెయ్యకు, రాతి కథ పక్కనే పెట్టు.

"నిత్యం గలగలా పారే" అన్న మాట మాత్రం కొట్టెయ్. ఇది మంచు కరిగి వచ్చే నది కాదు. కొండల మీద గట్టి వాన పడితే గెడ్డలన్నీ, అంటే కొండవాగులన్నీ ఒక్కసారిగా పొంగుతాయి, ఎండాకాలంలో చాలాచోట్ల ఇసుకే కనిపిస్తుంది.

ఆ ఇసుక గురించి ఒక్క వాక్యం కూడా లేదు, నాకు బాధనిపించింది అక్కడే. పైకి ఎండిపోయినట్టున్నా నీరు ఇసుక కింద ఉంటుంది, ఏట్లోనే ఊటబావులు తవ్వి ఆ నీటిని విశాఖపట్నానికి తాగడానికి పంపారు. ఇసుక తవ్వుకుపోతే నీళ్లు నిలిచే చోటే పోతుంది, చుట్టుపక్కల బావులు దిగిపోతాయి, సముద్రం దగ్గరైతే ఉప్పునీరు లోపలికి చొరబడే ప్రమాదం కూడా ఉంది. ఒడ్డున ఉన్న రైతులతో మాట్లాడు, బోర్లు ఎంత లోతుకు దించాల్సి వస్తోందో అడిగి వాళ్ల మాటల్లోనే రాయి. 1960లలో కట్టిన తాటిపూడి జలాశయానికి పైన నది ఎలా ఉంది, కింద ఎలా ఉంది అన్నది కూడా కళ్లతో చూసి రాయాల్సిందే.

ఈ నది దగ్గరే విజయనగరం రాజుకీ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన 1794 పద్మనాభం యుద్ధం గురించి రెండు వాక్యాలు చాలు. ఇంకోటి, పశ్చిమ గోదావరిలో తణుకు వైపు కూడా ఒక గోస్తనీ ఉంది, నువ్వు తీసుకున్న సమాచారంలో ఆ రెండూ కలిసిపోలేదు కదా, చూసుకో.

ఫొటోల సంగతి తర్వాత. ముందు ఇసుక భాగం రాసి పంపు.