మోకాలి నొప్పికి తొడకు పని

చెల్లీ,

ఫోనులో ఎంత చెప్పినా ‘ఊఁ’ కొట్టి మరిచిపోతావు. అందుకే రాసి పంపుతున్నాను. మంచం పక్కనే పెట్టుకో.

మోకాలు అరిగిందని డాక్టరు అన్న రోజు నుంచి నడక మానేశావని మరిదిగారు చెప్పారు. పట్టుచీరలా మడిచి దాచుకుంటే మిగలడానికి అది చీర కాదు. కీలులో ఎముకల చివర మెత్తలా ఉండే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కాలు ముడిచి చాచినప్పుడు కదిలే ద్రవమే దానికి తిండి. పైగా కూర్చున్నకొద్దీ తొడ కండ సన్నబడి, అది మోయవలసిన బరువు కూడా కీలు మీదే పడుతుంది. బోడిగుండుకూ మోకాలికీ ముడి ఉందో లేదో గానీ, తొడకూ మోకాలికీ ఉన్న ముడి మాత్రం గట్టిది.

అందుకని ముందు ఈ ఒక్కటి మొదలుపెట్టు. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టుకో. తొడ బిగించి తువ్వాలును కిందికి నొక్కి, అయిదు లెక్కపెట్టి వదులు. ఊపిరి బిగపట్టకు. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు మూడు పూటలు. వారం పోయాక కుర్చీలో కూర్చుని కాలు మెల్లగా ముందుకు చాచి నిలపడం నేర్చుకో. చేసిన రోజు కాస్త సలిపితే భయపడకు. మర్నాటికీ నొప్పి ఎక్కువగానే ఉంటే సగానికి తగ్గించు, మానేయకు. నాకు తేడా తెలియడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. మొదటి నెలంతా ఫిజియోథెరపిస్టును లోలోపల తిట్టుకుంటూనే చేశాను.

తువ్వాలు తీసేశాక మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవద్దు. హాయిగానే ఉంటుంది గానీ, రాత్రంతా ముడిచి ఉంచితే కాలు పూర్తిగా చాచడం కష్టమవుతుంది.

నడక ఇంటి ముందు పది నిమిషాలతో మొదలుపెట్టు. కుడి మోకాలు నొప్పి కదా, కర్ర ఎడమ చేత్తో పట్టుకో. అందరూ నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అది తప్పు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కుతానని మొక్కుకున్నావట! ఈ ఏడాది బస్సులో వెళ్లు. స్వామి టికెట్టు అడగడు.

కత్తిపీట అటక ఎక్కించి, బల్ల మీద చాకుతో కూరలు తరుగు. వ్రతానికి కుర్చీలో కూర్చో. ఇంట్లో నేల మరుగుదొడ్డి ఒక్కటే ఉంటే కమోడ్ కుర్చీ కొనుక్కో, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించు. బరువు సంగతి చెబితే అలుగుతావని తెలుసు. అయినా చెబుతాను: ఒంట్లో ఒక్క కిలో తగ్గితే, అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

మందుల విషయంలో నాలాగా చేయకు. డాక్టరును అడగకుండా మందుల దుకాణంలో నొప్పి మాత్రలు కొని నాలుగు నెలలు మింగాను. పాదాలు వాచాయి, పరీక్షలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందని తేలింది. నీకు బీపీ కూడా ఉంది. మోకాలి మీద పూసుకునే నొప్పి మందు, డైక్లోఫెనాక్ జెల్ సరిపోతుందేమో ముందు డాక్టరును అడుగు. నువ్వుల నూనె మర్దనాతో హాయిగా ఉంటే చేయించుకో, అరిగినది మాత్రం దానితో తిరిగి పెరగదు. పేరూ ఊరూ లేని పొట్లం మందుల జోలికి పోకు. వాటిలో కొన్నిటిలో స్టెరాయిడ్ కలుపుతారు, మూడు రోజుల్లో నొప్పి మాయమయ్యేది అందుకే.

ఎక్స్‌రే చూసి ఆపరేషన్ అని హడలిపోకు. ఫిల్ములో ఎంతో అరిగినా చక్కగా నడిచేవాళ్లు ఉన్నారు. నా కుడి మోకాలు మార్పించుకున్నది రాత్రిళ్లు నొప్పికి లేచి కూర్చునే స్థితి వచ్చాకే. ఎడమది ఇంకా దేవుడిచ్చినదే, ఆ తువ్వాలే దాన్ని కాపాడుతోంది. ఒకవేళ మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వచ్చినా, పిక్క ఒక్కసారిగా వాచి నొప్పెట్టినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆదివారం ఫోను చేస్తాను. నొప్పి ఎలా ఉందని అడగను, తువ్వాలు ఎన్నిసార్లు నొక్కావని అడుగుతాను. మరిదిగారిని లెక్క రాయమన్నాను.

మీ అక్క