వైకల్యం ఉన్న పిల్లలు అదే క్లాసులో ఉంటే తోటి విద్యార్థుల అభిప్రాయం మారుతుందా?

మారుతుంది, కానీ ఒకే గదిలో కూర్చోబెడితే చాలదు, కలిసి పని చేయాలి. వేర్వేరు వర్గాల మధ్య దురభిప్రాయాలు తగ్గాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, పైవాళ్ల మద్దతు ఉండాలని అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు. బడిలో ఆ పైవాళ్లంటే టీచర్లే.

ఉదాహరణకు, సైన్స్ ప్రాజెక్టులో కొలతలు ఒకరు చదువుతారు. లెక్కగట్టి ఫలితాన్ని క్లాసుకు వివరించే పని చూపు లేని అమ్మాయిది. ఆమె పని మీదే గ్రూపు మార్కులు ఆధారపడితే, మిగతావాళ్లు ఆమెను తమలో ఒకరిగా చూడడం మొదలుపెడతారు. అదే టీచర్ ఎప్పుడూ "పాపం, ఆమెకు సాయం చేయండి" అంటుంటే జాలి పెరుగుతుందేమో గానీ స్నేహం పెరగదు. ఇంటర్వెల్‌లో ఆటకు పిలిచేవాళ్లు ఉండరు. పిల్లల్ని నిజంగా బాధపెట్టేది అదే.

పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (విద్యార్థి చెప్పే జవాబులు రాసిపెట్టే వ్యక్తి) ఇవ్వడం ఫేవర్ అని చాలామంది విద్యార్థులు అపోహపడతారు. కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 17వ సెక్షన్‌లోనే ఈ సదుపాయాలున్నాయి. ప్రశ్నలు సాధారణంగా అందరికీ అవే. జవాబు రాసే పద్ధతి, పట్టే సమయం మాత్రమే వేరు. ఈ కారణం పరీక్షలకు ముందే క్లాసులో చెబితే "వాళ్లకెందుకు ఎక్కువ టైమ్?" అనే గొణుగుడు చాలావరకు తగ్గుతుంది.